షుగరు పడిపోయి లేచినవాళ్ల ఇంటికి

నర్సింగులో చేరబోయే అమ్మాయిలు నన్ను చూడ్డానికి వస్తే ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు. "మీ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన పని ఏదండీ?" నేను ఆపరేషన్ల గురించో కలరా వార్డు గురించో చెబుతాననుకుంటారు. పడిపోయిన మనిషిని లేపడం తేలిక, లేచి ఇంటికి వెళ్లిన మనిషి మళ్లీ పడకుండా చూడడమే కష్టం అంటే వాళ్ల మొహాలు చిన్నబోతాయి. ఇంతేనా అన్నట్టు చూస్తారు.

నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఏ ఊరికి ఎప్పుడు బదిలీ అయిందో ఇక్కడ రాయను. నాకే సరిగా గుర్తులేవు. మనుషులు మాత్రం గుర్తున్నారు. వాళ్లలో ఒక లడ్డూలాయన సంగతి చెబితే ఈ పనంతా చెప్పినట్టే. మధ్యలో నేనే నవ్వుకుంటూ పోతే ఏమీ అనుకోకండి. ఇన్నేళ్లయినా ఆయన పేరు తలుచుకుంటే నాకు నవ్వు ఆగదు.

నీలం నీళ్లు, గాజు సిరంజి

నేను బందరులో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేరింది పందొమ్మిదివందల యాభైల మధ్యలో. షుగరు జబ్బుకు ఇన్సులిన్ సూది అప్పటికే ఉన్నా, మా వైపు దాన్ని ఇంట్లో రోజూ వేసుకునేవాళ్లు తక్కువ. వేలు గుచ్చి చక్కెర ఎంతుందో చెప్పే యంత్రాలు లేవు. పరీక్షంటే నీలం మందులో కొన్ని చుక్కల మూత్రం వేసి స్పిరిట్ దీపం మీద కాచడమే. నీలంగా ఉండిపోతే చక్కెర లేనట్టు. పెరిగేకొద్దీ ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుక రంగు. పొద్దున్నే వార్డులో ఆ గొట్టాలన్నీ వరసగా నిలబెడితే పెడనలో అద్దకంవాళ్ల రంగులు గుర్తొచ్చేవి. సిరంజి గాజుది. దాన్ని మరిగించాలి, జాగ్రత్తగా చల్లార్చాలి, సూది మొద్దుబారితే సానరాయి మీద నూరాలి.

ఆ సూది మందుతో ఒక చిక్కుంది. మందు ఎక్కువైనా, వేసుకుని వేళకు అన్నం తినకపోయినా, ఒంట్లో చక్కెర ఉన్నపళంగా పడిపోతుంది. ముందు చెమటలు, వణుకు. తరవాత తిక్క మాటలు, తిక్క పనులు. ఆ తరవాత స్పృహ తప్పుతుంది. ఆలస్యమైతే ప్రాణమే పోతుంది. వేళకు నరంలోకి గ్లూకోజు ఎక్కిస్తే మాత్రం, అబ్బ, అది చూసి తీరాలి! సిరంజి ఖాళీ అవుతూ ఉండగానే మనిషి కళ్లు తెరుస్తాడు. అప్పటిదాకా కొయ్యలా పడున్నవాడు లేచి కూర్చుని "కాఫీ ఉందా అమ్మా?" అంటాడు. మొదటిసారి అది చూసిన రోజు నాకు ఇరవై రెండేళ్లు. వరండాలోకి పరిగెత్తుకెళ్లి ఒక్కదాన్నే గంతులేశాను. మేట్రన్ గారు అటుగా వెళ్తూ చూసి, "సుగుణా, నేల తడిగా ఉంది" అని మాత్రం అన్నారు.

మా పెద్ద డాక్టరు గారి చెయ్యి గొప్పది. ఎంత లావుపాటి మనిషికైనా నరం ఒక్క పోటుకు దొరికేది. అయితే మనిషి లేచిన మరుక్షణం ఆయనకు ఆ మనిషి మీద ఆసక్తి పోయేది. "లేచాడుగా, పంపించెయ్యండి" అనేవారు. ఎందుకు పడ్డాడని అడిగేవారు కాదు. నేనూ అడిగేదాన్ని కాదు. ఆ మాట ముందే ఒప్పుకుంటున్నాను.

తీపి మానేసిన లడ్డూల కోటయ్య

బందరు లడ్డూ సంగతి మీకు తెలిసిందే. సెనగపిండి పూస వేయించి, దంచి, బెల్లం పాకంలో కలిపి మళ్లీ దంచుతారు. కోటయ్య గారిది ఆ పనే. నిలువెత్తు మనిషి. ఆయన రోకలి పోటు వేస్తే పక్కింటి గోడ మీద గిన్నెలు పలికేవి. అలాంటాయనకు షుగరు వచ్చింది. రోజూ పొద్దున ఇరవై యూనిట్ల సూది రాశారు డాక్టరు గారు. సూది వెయ్యడం ఆయన భార్య మాణిక్యమ్మ గారికి నేర్పింది నేను. పథ్యం చెప్పిందీ నేనే.

అప్పట్లో నేను భయపెట్టడంలో దిట్టని. "ఇకమీదట తీపి మీకు విషం. వేలికి అంటిన పాకం కూడా నాకకూడదు" అని వేలు ఊపుతూ చెప్పాను. ఆయన అక్షరాలా పాటించాడు. లడ్డూ రుచి చూడ్డం మాణిక్యమ్మ గారికి అప్పజెప్పాడు. తాను పాకం పట్టేటప్పుడు ముక్కుకు కండువా కట్టుకునేవాడు. వాసన కూడా విషమేమోనని! నాకు ఎంత గర్వమో. కొత్త రోగులకు ఆయన్ని చూపించి బుద్ధి చెప్పేదాన్ని.

ఒకరోజు పొద్దున, పదింటప్పుడు, పెళ్లి లడ్డూలు దంచుతూ ఆయన ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడట. రోకలిని గోడకు నిలబెట్టి, దానికి నమస్కారం పెట్టి, "బావగారూ, తమరు ముందు" అన్నాడట. తరవాత లడ్డూలు తీసుకుని వీధిలోకి వచ్చి, వచ్చేపోయేవాళ్ల నెత్తిమీద ఒక్కొక్కటీ పెట్టి దీవించడం మొదలుపెట్టాడు. మూడో దీవెన బీటు కానిస్టేబులుకు తగిలింది. టోపీ మీద లడ్డూ!

అవి మద్యనిషేధం రోజులు. కానిస్టేబులు చెయ్యి పట్టుకున్నాడు. "ఏం కోటయ్యా, పొద్దున్నే పట్టించావా?"

"తమరు కూర్చోండి బావగారూ."

"నేను నీకు బావనేంట్రా?"

మాణిక్యమ్మ గారు లబలబలాడుతూ వెనకే పరిగెత్తింది. "ఆయన చుక్క ముట్టరండీ, సూది మందు మనిషండీ" అని ఎంత మొత్తుకున్నా కానిస్టేబులు వినలేదు. స్టేషను మెట్ల దగ్గర కోటయ్య గారు "బావగారూ, తమరు..." అంటూ కుప్పకూలిపోయాడు. అప్పుడు భయపడి ఆ కానిస్టేబులే రిక్షాలో ఆసుపత్రికి తెచ్చాడు.

డాక్టరు గారు గ్లూకోజు ఎక్కించారు. కోటయ్య గారు కళ్లు తెరిచి, "...ముందు కూర్చోండి" అని ఆగిపోయిన మాట పూర్తిచేశాడు. చుట్టూ చూశాడు. కనుబొమల నిండా సెనగపిండి. వార్డంతా ఘొల్లుమంది. కానిస్టేబులు టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. దాని మీద లడ్డూ ముద్ర ఇంకా ఉంది.

"లేచాడుగా, పంపించెయ్యండి" అన్నారు డాక్టరు గారు.

నేను నవ్వాపుకుంటూ అడిగాను. "తీపి గాని తిన్నారా?"

"మీ మీద ఒట్టు సిస్టరు గారూ. వాసన కూడా చూళ్లేదండి."

"అలాగే ఉండండి" అని మెచ్చుకుని పంపించాను. చక్కెర చాలక పడిపోయిన మనిషిని, చక్కెర ముట్టనందుకు మెచ్చుకున్నాను! నా ఉద్యోగంలో ఇంతకన్నా పెద్ద తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

రెండోసారి

అయిదు రోజులకు మళ్లీ తెచ్చారు. ఈసారి నవ్వించే సంగతేమీ లేదు. జట్కాలోంచి దింపేటప్పటికే ఒళ్లు చల్లగా ఉంది. చొక్కా పిండితే నీళ్లు కారేంత చెమట. డాక్టరు గారు గ్లూకోజు ఎక్కించారు. కళ్లు తెరవలేదు. మళ్లీ ఎక్కించారు. డాక్టరు గారు ఆ రోజు మంచం పక్కనుంచి కదల్లేదు.

మాణిక్యమ్మ గారు ఏడవలేదు. నా వైపు తిరిగి మెల్లిగా చెప్పింది. "పొద్దున పది లడ్డూలు చుట్టారండి. వణుకుతూ, 'ఒక్కటి పెట్టవే మాణిక్యం' అని చెయ్యి చాపారండి. ఎన్నడూ అడగని మనిషి. మీరు విషమన్నారు కదండీ. గంప ఇవతలకి లాగేశానండి."

గంపెడు తీపి ముందు ఆ మనిషి తీపి లేక పడిపోయాడు. అతని ప్రాణం అడిగిన దాన్ని నా మాట అడ్డుపెట్టి లాగేసింది ఆ ఇల్లాలు. అతని మణికట్టు పట్టుకుని కూర్చున్నాను. నాడి చూడ్డానికని చెప్పాను గాని, నిజానికి నాకే పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి.

మధ్యాహ్నం మూడు దాటాక పెదవులు కదిలాయి. "పొయ్యి ఆర్పావా?" అన్నాడు.

మాణిక్యమ్మ గారు అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే, "ఆర్పానండీ, ఆర్పాను" అంది. నేను ఆవిడ ముందు నిలబడి తప్పు నాదేనన్నాను. తీపి విషమన్నాను గాని, ఎప్పుడు అదే మందవుతుందో చెప్పలేదన్నాను. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "తప్పెవరిదైతే ఏంటండీ. మళ్లీ పడకుండా చెప్పండి."

డాక్టరు గారు అలవాటుగా పంపించెయ్యండి అనబోయారు. నాకు ఎక్కడి ధైర్యం వచ్చిందో. "ఎందుకు పడ్డారో తెలీకుండానా సార్?" అన్నాను.

"వాళ్లింటికెళ్లి చూసొస్తావా ఏంటి?" అన్నారు వెటకారంగా.

వెనకనుంచి మేట్రన్ గారి గొంతు వినిపించింది. "వెళ్తుంది. దానికి గురువారం మధ్యాహ్నాలు ఖాళీయే." మేట్రన్ గారు ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగదు. ఆవిడ మాటకు డాక్టరు గారు కూడా ఎదురుచెప్పి ఎరగరు.

కోటయ్య గారిని గురువారం దాకా వార్డులోనే ఉంచాం. అదే మందు, అదే ఇరవై యూనిట్లు, నా చేత్తోనే వేశాను. ఒక్కసారి కూడా పడలేదు. మరి ఇంట్లో ఎందుకు పడ్డాడు? నాకు నిద్రపట్టలేదు. వెళ్లేరోజు మేట్రన్ గారు తన గొడుగు నా చేతికిచ్చి, "ప్రశ్నలు తక్కువ అడుగు. చేసి చూపించమను" అంది. మీరు ఈ రాతంతా మరిచిపోయినా సరే, ఆవిడ మాట గుర్తుంచుకోండి.

వంటింట్లో పీట మీద

మాణిక్యమ్మ గారు నన్ను పీట మీద కూర్చోబెట్టింది. మూలన తడి ఇసుక పోసిన కుండలోంచి మందు సీసా తీసింది. చల్లగా ఉంచడానికి అదే మార్గం. చేతులు కడుక్కుంది. మరిగించిన సిరంజి తీసింది. సీసా మూత స్పిరిటుతో తుడిచింది. గాలి బుడగ లేకుండా మందు లాగింది. సరిగ్గా ఇరవై గీత దగ్గర ఆపింది. ఒక్క పొరపాటు లేదు. నేను చప్పట్లు కొట్టబోయాను. కొట్టబోతూ సీసా కాగితం చదివాను.

మా ఆసుపత్రి సీసా మీద ఉండేది నలభై. దీని మీద ఎనభై ఉంది.

"ఇది ఎక్కడిదండీ?"

"మొన్నామధ్య గుడివాడలో పెళ్లికి లడ్డూలు చెయ్యడానికి వెళ్లామండి. అక్కడ సీసా అయిపోతే మందుల షాపులో కొన్నాం. పేరు అదేనండీ, చూసుకునే కొన్నాం."

పేరు అదే. మందు మాత్రం రెండింతలు చిక్కన. అప్పట్లో రెండు రకాలూ దొరికేవి. మన సిరంజి గీతలు నలభై సీసాకు సరిపోతాయి. ఎనభై సీసాతో ఇరవై గీతదాకా లాగితే ఒంట్లోకి నలభై యూనిట్లు వెళ్తాయి. గుడివాడలో అది కొన్న రోజునుంచీ ఆ మనిషి రోజూ రెండింతల మందు మోస్తున్నాడన్నమాట. కడుపునిండా తిన్న రోజున చెమటతో సరిపెట్టుకున్నాడు, దంపుళ్లలో పడి తినని రోజున కూలిపోయాడు. షాపాయన తప్పు లేదు, అడిగిన మందే ఇచ్చాడు. మాణిక్యమ్మ గారి తప్పు అసలే లేదు.

"నాకు ఇంగ్లీషు అంకెలు వచ్చండీ" అంది ఆవిడ నొచ్చుకుంటూ. "సీసా మీద కూడా అంకె చూడాలని ఎవరూ చెప్పలేదు."

ఎవరూ అంటే ఎవరు? నేనే. అయినా ఆ క్షణంలో నాకు సిగ్గుకన్నా సంతోషం ముందొచ్చింది. దొరికింది! దొంగ దొరికాడు! పీట మీంచి ఎగిరి లేచి ఆవిణ్ణి వాటేసుకున్నాను. సీసా పట్టుకుని, గొడుగు అక్కడే మరిచిపోయి, ఎర్రటి ఎండలో ఆసుపత్రికి పరిగెత్తాను. చెయ్యంతా తడి ఇసుక. డాక్టరు గారు సీసాని తిప్పి చూశారు. కుర్చీలో కూర్చున్నారు.

"సూది ఇంట్లో వేసుకునేవాళ్లు ఇంకా ఎంతమంది ఉన్నారమ్మా మనకి?" అన్నారు.

ఆ ప్రశ్నతో ఆయన మీద నాకున్న కోపమంతా పోయింది. ఆ వారమే జాబితా రాసి నా చేతిలో పెట్టారు. అప్పటినుంచి గిలకలదిండి మొదలుకుని గుడివాడ దాకా ప్రతి గురువారం నేను ఎవరో ఒకరి వంటింట్లో పీట మీదే.

పంచదార, లడ్డూ కాదు

సీసా మార్చాం. మోతాదు డాక్టరు గారు తగ్గించి, మళ్లీ మెల్లిగా సరిచేశారు. ఇక కోటయ్య గారికి కొత్త పాఠం. ముందు కంచంలో అన్నం సిద్ధంగా ఉండాలి, అప్పుడే సూది. దంపుడు ఎక్కువున్న రోజున మధ్యలో ఏదైనా తినాలి. చెమట, వణుకు, కారణంలేని కోపం, కారణంలేని నవ్వు వస్తే ఆలోచించకుండా తీపి తీసుకోవాలి. తేరుకున్నాక అన్నం తినాలి, లేకపోతే చక్కెర మళ్లీ పడిపోతుంది. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పొయ్యకూడదు, పొలమారుతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి ఆసుపత్రికి తేవాలి. పడిన ప్రతిసారీ, లేచినా సరే, మాకు చెప్పాలి.

ఆయనకు తీపి అన్న మాట తప్ప ఏమీ వినపడలేదు. మొహం చేటంత అయింది. "అయితే లడ్డూ తినొచ్చాండీ!"

"లడ్డూ కాదండీ. అందులో నెయ్యీ సెనగపిండీ ఉంటాయి, ఒంటికి పట్టడం ఆలస్యం. ఉత్త పంచదార నీళ్లు తాగాలి."

ఆయనకు ఎంత కోపమొచ్చిందో! "మా నాన్నగారి నాటినుంచి చేస్తున్న లడ్డూ అండి. దాన్ని పంచదార నీళ్లకన్నా తీసికట్టంటారా?"

"రుచిలో కాదండీ, పరుగులో."

"పరుగులో" అని గొణిగి ఒప్పుకున్నాడు. కండువా కొసన పంచదార పొట్లం ముడేసుకున్నాడు. కాని ఆ మొదటి వారంలో ఆయనకు రోజుకు నాలుగుసార్లు వణుకు వచ్చింది. విచిత్రంగా లడ్డూలు చుట్టే వేళకే వచ్చేది. "మాణిక్యం, వచ్చేస్తోంది, వచ్చేస్తోంది, ఒక్కటి!" అని మూలిగేవాడు. మాణిక్యమ్మ గారు ఆయన మెడ వెనక చెయ్యి పెట్టి చూసేది. చెమటుండేది కాదు. అయినా అనుమానంతో ఆగి ప్రమాదం తెచ్చుకోకూడదని నేను చెప్పాను కాబట్టి గ్లాసుడు పంచదార నీళ్లు తాగించేది. ఆ వెంటనే ఆయన వద్దు మొర్రోమంటున్నా కూర్చోబెట్టి చప్పిడి అన్నం తినిపించేది. ఎనిమిదో రోజుకు ఆ వణుకు దానంతటదే నయమైపోయింది.

దివిసీమ పడవలో

కొన్ని నెలలు గడిచాయి. దివిసీమలో ఒక పెళ్లికి లడ్డూలు తీసుకెళ్లిన కోటయ్య గారు మర్నాడు మధ్యాహ్నం తిన్నగా వార్డుకు వచ్చాడు. చెంప మీద అయిదు వేళ్లూ అచ్చుపడి ఉన్నాయి. అయినా ఆ మొహంలో ఆనందం ఇంతా అంతా కాదు.

"ఏమైందండీ?"

"ఒకావిడ కొట్టిందండీ! ఎంత గట్టిగా కొట్టిందో చూడండి. బతికింది!"

దివిసీమలోకి ఆయన వెళ్లిన దారిలో కృష్ణ పాయను పడవ మీద దాటాలి. పడవలో వీరమ్మ గారని ఒక పెద్దావిడ, ఆవిడ కోడలు. నది మధ్యలో పెద్దావిడ ఉన్నట్టుండి లేచి నిలబడి, పడవవాణ్ణి తన అత్తగారనుకుని తిట్టడం మొదలుపెట్టింది. గాలి సోకిందని ఒకరు, పూనకమని ఒకరు అన్నారు. పడవ అటూ ఇటూ ఊగిపోతోంది. కోటయ్య గారు మాత్రం ఆవిడ నుదుటిమీది చెమట చూశాడు.

"ఏవమ్మా, మీ అత్తగారికి సూది వేస్తున్నారా?" అని కోడల్ని అడిగాడు.

"పొద్దునే వేశానండీ."

"అన్నం తిందా?"

"శనివారం కదండీ. ఒంటిపూటే."

ఇంకేముంది! కండువా ముడి విప్పి, మరచెంబులో నీళ్లలో పంచదార కలిపాడు. ఆవిడ గుటక వెయ్యగలదో లేదో ముందు చూసుకున్నాడు. దగ్గరికి వెళ్లగానే ఆవిడ చెంప ఛెళ్లుమనిపించింది. మొదటి గుక్క ఆయన మొహాన ఊసింది. రెండోది మింగింది. మూడోది తనే చెంబు లాక్కుని తాగింది. రేవు చేరేలోపు ఆవిడ కూర్చుని పైట సర్దుకుని, "ఎవరు నాయనా నువ్వు, నిన్నెవరు కొట్టారు?" అని జాలిగా అడిగిందట.

ఆయన లడ్డూ గంపల్ని పెళ్లివారి మనుషులకు అప్పజెప్పి, ఆ అత్తాకోడళ్లతో వాళ్లింటికి నడిచి వెళ్లాడు. అన్నం తినేదాకా ఎదురుగా కూర్చున్నాడు. సీసా తెప్పించుకుని అంకె చూశాడు. అది నలభయ్యే. శనివారం సంగతి తన తలకు మించిందని తెలుసుకున్నాడు. "మందు తగ్గించమని నేను చెప్పకూడదు కదండీ. అందుకే మిమ్మల్ని తీసుకొస్తానని మాటిచ్చి వచ్చాను" అన్నాడు.

చదువుకున్న మేం ఒక మనిషిని లేపి పంపించేశాం. లడ్డూలు చుట్టేవాడు లేపిన మనిషి వెంట ఇంటిదాకా వెళ్లాడు. తన హద్దు ఎక్కడుందో కూడా ఆయనకు మా అందరికన్నా బాగా తెలిసింది. ఆ రోజు డాక్టరు గారు ఆయనకు కుర్చీ వేయించి ఆ పడవ కథ రెండుసార్లు చెప్పించుకున్నారు. ఉపవాసం రోజున సూది సంగతి ఏం చెయ్యాలో, ఆవిణ్ణి చూసే డాక్టరుకు ఉత్తరం రాసి నా చేతికిచ్చారు.

ఆ గురువారం కోటయ్య గారు, నేను బస్సెక్కి, పడవెక్కి, గట్టు మీద నడిచి వీరమ్మ గారింటికి చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. పొద్దున తాగిన కాఫీ తప్ప నా కడుపులో ఏమీ లేదు. ఎండకు నుదురంతా చెమట. ఆవిడ గుమ్మంలోనే నన్ను ఎగాదిగా చూసింది.

"అన్నం తిన్నావా అమ్మా?"

"లేదండీ, తరవాత తింటాను. ముందు మీ సూది..."

నా మాట పూర్తికాలేదు. ఆవిడ నా మెడ వెనక చెయ్యి పెట్టి చూసింది. వెనక్కి తిరిగి, "కోడలా, పంచదార!" అని కేకేసింది.

"నాకు షుగరు లేదండీ!" అన్నాను.

"పడిపోయేవాళ్లంతా ముందు అలాగే అంటారటమ్మా, కోటయ్య చెప్పాడు" అని, నేను నోరు మూసుకునేలోపు గుప్పెడు పంచదార నా నోట్లో పోసేసింది.